కారు ఏసీకి గ్యాస్ పట్టిస్తే సరా? నూనె లెక్క ఎవరు చూస్తారు?

మార్చి సగానికి వచ్చేసరికి విజయవాడ ఆటోనగర్‌లోనైనా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా, ఢిల్లీ కరోల్‌బాగ్‌లోనైనా కారు ఏసీ మెకానిక్‌ల దగ్గర ఒకే మాట వినిపిస్తుంది. "గ్యాస్ తగ్గింది సార్, పట్టిద్దాం." బానెట్ ఎత్తుతారు. నీలం, ఎరుపు గొట్టాలున్న గేజి తగిలిస్తారు. చిన్న డబ్బా ఒకటో రెండో ఎక్కిస్తారు. అరగంటలో చల్లగాలి వస్తుంది, కారు యజమాని డబ్బిచ్చి వెళ్లిపోతాడు. మరుసటి వేసవికి మళ్లీ అదే దుకాణం, అదే మాట.

ఈ తంతులో రెండు ప్రశ్నలు ఎవరూ అడగరు. ఎన్ని గ్రాముల గ్యాస్ ఎక్కింది? కంప్రెసర్‌లో నూనె ఎంత ఉంది? మొదటి ప్రశ్నకు జవాబు దొరకడమే కష్టం. రెండో ప్రశ్న అడిగితే చాలాచోట్ల మెకానిక్ కూడా వింతగా చూస్తాడు. ఇంజిన్ ఆయిల్ గురించి అంత పట్టింపు ఉన్న దేశంలో ఏసీ నూనె గురించి ఇంత నిర్లక్ష్యం ఎందుకు ఉండాలి? వేసవిలో ఆగిపోయే ఏసీలు, ముందే చచ్చిపోయే కంప్రెసర్లు, ఊరికే గాలిలో కలిసిపోయే గ్యాస్, వీటన్నిటి వెనుకా ఆ చిన్న నిర్లక్ష్యం ఉంటుంది.

అసలు ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయే వస్తువు కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. కారు ముందుభాగంలో రేడియేటర్‌ను ఆనుకుని ఉండే కండెన్సర్‌లో అది వేడిని బయటి గాలికి వదిలి ద్రవంగా మారుతుంది. సన్నని ఎక్స్‌పాన్షన్ వాల్వ్ గుండా దూరేటప్పుడు పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. డ్యాష్‌బోర్డు వెనుక దాగి ఉన్న కూలింగ్ కాయిల్‌లో ఆ ద్రవం మరుగుతూ లోపలి గాలిలోని వేడిని లాక్కుంటుంది. మళ్లీ ఆవిరిగా కంప్రెసర్‌కు చేరుతుంది. రబ్బరు గొట్టాల గుండా, కంప్రెసర్ ఇరుసు దగ్గరి సీలు గుండా కొద్దికొద్దిగా గ్యాస్ జారిపోయే మాట నిజమే. కానీ ఆ తేడా తెలియడానికి ఏళ్లు పడుతుంది. ప్రతి వేసవికీ గ్యాస్ తగ్గుతోందంటే ఎక్కడో లీకు ఉందని అర్థం. లీకును అలాగే ఉంచి గ్యాస్ పట్టించడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ఇక ఆ గేజి సంగతి. సూది ఫలానా గీత దగ్గరకు రాగానే గ్యాస్ సరిపోయిందనుకోవడం మన దుకాణాల్లో సర్వసాధారణం. ఇక్కడే భౌతికశాస్త్రం అడ్డుపడుతుంది. ఒక మూసిన పాత్రలో ద్రవం, ఆవిరి కలిసి ఉన్నంతసేపూ లోపలి పీడనాన్ని నిర్ణయించేది ఉష్ణోగ్రత మాత్రమే, పరిమాణం కాదు. మన కార్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఏ గ్యాస్ 25 డిగ్రీల దగ్గర వాతావరణ పీడనానికి సుమారు ఆరున్నర రెట్లు, 40 డిగ్రీల దగ్గర సుమారు పది రెట్లు పీడనం చూపిస్తుంది. పాత్రలో వంద గ్రాములున్నా, అరకిలో ఉన్నా, అందులో కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకూ అంకె అదే. ఏసీ నడుస్తున్నప్పుడైతే లెక్క ఇంకా చిక్కుపడుతుంది. ఇంజిన్ వేగం, కండెన్సర్ మీద పేరుకున్న దుమ్ము, ఫ్యాన్ ఊపు, బయటి ఎండ అన్నీ సూదిని కదిలిస్తాయి.

ఈ విషయం ఇంట్లో వంటచేసేవారికి కొత్త కాదు. వంట గ్యాస్ సిలిండర్ దాదాపు అయిపోయేదాకా పొయ్యి మంట ఒకేలా వస్తుంది. ఎంత మిగిలిందో మంటను చూసి చెప్పలేరు గనుకే సిలిండర్‌ను కాస్త ఎత్తి బరువు చూస్తారు. కారు ఏసీ గ్యాస్‌కు కూడా నమ్మదగిన కొలత బరువే. ఉన్న గ్యాస్‌నంతా బయటికి తీసి, వాక్యూమ్ పెట్టి, కారు తయారీదారు చెప్పినన్ని గ్రాములు కాటా మీద తూచి ఎక్కించాలి. చిన్న కారుకైతే ఇది దాదాపు అరకిలో ఉంటుంది. యాభై గ్రాములు అటూఇటూ అయినా అందులో పదో వంతు తేడా వచ్చినట్లే.

గ్యాస్‌కు కాటా అయినా ఉంది. నూనెకు వచ్చేసరికి కనిపించే కొలతే లేదు. ఇంజిన్‌కు డిప్‌స్టిక్ ఉంటుంది, లాగి చూస్తే మట్టం తెలిసిపోతుంది. పాతకాలపు పిస్టన్ కంప్రెసర్లు కొన్నింటికి కూడా అడుగున నూనె తొట్టి ఉండేది. మూత విప్పి పుల్లతో కొలిచేవారు. కార్లలో ఏసీ అనే ఆలోచన మొదలైన రోజులే వేరు. 1939లో అమెరికాలోని ప్యాకార్డ్ సంస్థ తన కార్లకు ఏసీ అమర్చినప్పుడు దాన్ని ఆపడానికి స్విచ్చు కూడా లేదు. ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, కంప్రెసర్ బెల్టు ఊడదీయాల్సి వచ్చేది! అక్కడి నుంచి కంప్రెసర్లు చిన్నవై, తేలికై, వేగం పెంచుకుంటూ వచ్చాయి. ఆ క్రమంలో నూనె తొట్టి, డిప్‌స్టిక్ మాయమయ్యాయి. నేటి కార్ల కంప్రెసర్లలో చాలావాటికి ప్రత్యేకమైన తొట్టి లేదు. నూనె గ్యాస్‌తో కలిసే ప్రయాణం చేస్తుంది.

ఈ ప్రయాణాన్ని అర్థం చేసుకుంటే మిగతా కథంతా తేలికే. కంప్రెసర్ లోపల పిస్టన్లు గానీ, మరచుట్టలాంటి స్క్రోల్ రేకులు గానీ నిమిషానికి వేల సార్లు తిరుగుతాయి. వాటి మధ్య రాపిడి తగ్గించడం, సందులు మూయడం, ఇరుసు సీలును తడిగా ఉంచడం, కొంత వేడిని మోసుకుపోవడం నూనె పనులు. ఆ పనిలో కొంత నూనె సన్నని తుంపరగా గ్యాస్‌తో పాటు బయటికి పోతుంది. కండెన్సర్ అడుగున కొంత, తేమను పీల్చే డ్రయర్ సీసాలో కొంత, కూలింగ్ కాయిల్ గొట్టాల గోడల మీద కొంత, హోసుల్లో కొంత నిలుస్తుంది. మిగిలింది గ్యాస్ ప్రవాహంతో కొట్టుకుని మళ్లీ కంప్రెసర్‌కు చేరుతుంది. అంటే నూనెను తిరిగి ఇంటికి చేర్చే బండి గ్యాసే. గ్యాస్ తగ్గితే బండి నెమ్మదిస్తుంది. నూనె కాయిల్‌లోనే చిక్కుకుపోతుంది. వ్యవస్థలో నూనె మొత్తం ఉన్నా కంప్రెసర్ మాత్రం ఎండిపోతుంది. లీకు ఉన్న ఏసీని "ఇంకా కాస్త చల్లగానే వస్తోంది కదా" అని నడపడం వల్ల కంప్రెసర్ పాడవడానికి అసలు కారణం ఇదే. గ్యాస్ మరీ తగ్గితే కంప్రెసర్‌ను ఆపేసే ప్రెషర్ స్విచ్చు కార్లలో ఉంటుంది గానీ, అది కాపాడేది చివరి ఘడియలో మాత్రమే. కొన్నిచోట్ల ఆ స్విచ్చుకు వైరు కలిపి దాటవేసి "పని చేయిస్తారు" కూడా. అంతకన్నా పెద్ద అపకారం ఇంకోటి లేదు.

నూనె మొత్తం ఎంతో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సాధారణ ప్రయాణికుల కారులో ఏసీ వ్యవస్థ మొత్తానికీ ఉండేది సుమారు 120 నుంచి 240 మిల్లీలీటర్లు. చిన్న కార్లలో అది ఒక టీ గ్లాసుకు మించదు. ఇంజిన్‌లో మూడు, నాలుగు లీటర్లున్నప్పుడు పావు లీటరు అటూఇటూ అయినా పెద్దగా నష్టం లేదు. టీ గ్లాసెడు నూనెలో ముప్పై మిల్లీలీటర్లు తగ్గితే అది నాలుగో వంతు. పెరిగినా నష్టమే. ఎక్కువైన నూనె కాయిల్ లోపలి గోడలకు పొరలా పట్టి వేడి మార్పిడిని అడ్డుకుంటుంది, చల్లదనం తగ్గుతుంది. నూనె ద్రవంగానే కంప్రెసర్‌లోకి దూసుకొస్తే దాన్ని నొక్కడం కుదరక వాల్వులు విరగవచ్చు. "నూనే కదా, కాస్త ఎక్కువైతే మంచిదే" అన్న మాట పోపుకు చెల్లుతుందేమో గానీ కంప్రెసర్‌కు చెల్లదు.

మరి డిప్‌స్టిక్ లేని చోట నూనె ఎలా చూడాలి? కంప్రెసర్ బిగించి ఉండగా కచ్చితంగా చూడటం కుదరదు, అదే అసలు చిక్కు. తయారీదారుల సర్వీసు పుస్తకాలు చెప్పే పద్ధతి ఒక రకమైన జమాఖర్చు. ఏసీ ఇంకా నడుస్తూ ఉంటే ముందు ఇంజిన్‌ను తక్కువ వేగంలో ఉంచి, ఫ్యాన్ పూర్తిగా పెట్టి, పది నిమిషాలకు తక్కువ కాకుండా ఏసీ నడపాలి. అటూఇటూ చెదిరిన నూనె దీంతో కంప్రెసర్‌కు తిరిగొస్తుంది. ఆ తర్వాత గ్యాస్‌ను రికవరీ యంత్రంలోకి నెమ్మదిగా తీయాలి. తొందరపడి ఒక్కసారిగా వదిలితే గ్యాస్‌తో పాటు నూనె కూడా ఎగిరిపోతుంది. కంప్రెసర్ ఊడదీసి, ఇరుసును చేత్తో తిప్పుతూ లోపలి నూనెనంతా కొలగ్లాసులోకి వంచాలి. ఎంత వచ్చిందో రాసుకోవాలి. తిరిగి బిగించేది పాత కంప్రెసరే అయితే అంతే కొత్త నూనె పోయాలి.

కొత్త కంప్రెసర్ విషయంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి. చాలా కొత్త కంప్రెసర్లు మొత్తం వ్యవస్థకు సరిపడా నూనెతోనే పెట్టెలో వస్తాయి. ఉదాహరణకు అందులో 120 మిల్లీలీటర్లు ఉందనుకుందాం. పాతదానిలోంచి వచ్చింది 50. అంటే మిగతా 70 ఇంకా కండెన్సర్‌లో, కాయిల్‌లో, గొట్టాల్లో ఉందని లెక్క. కొత్తదాన్ని అలాగే బిగిస్తే వ్యవస్థలో నూనె 190 అవుతుంది. కాబట్టి కొత్తదానిలోంచి సుమారు 70 తీసేయాలి. పెట్టె విప్పి నేరుగా బిగించేసే అలవాటు వల్ల కొత్త కంప్రెసర్ వేసినా "మునుపటంత చల్లగా లేదు" అనే ఫిర్యాదు వస్తుంది. మెకానిక్ గ్యాస్‌ను అనుమానిస్తాడు, యజమాని మెకానిక్‌ను అనుమానిస్తాడు, నూనెను ఎవరూ అనుమానించరు. పాత కంప్రెసర్ లోపల అరిగి ముక్కలై చచ్చిపోయినప్పుడు మాత్రం ఈ లెక్క పనికిరాదు. అప్పుడు గొట్టాలన్నీ కడిగి, డ్రయర్ మార్చి, అవసరమైతే కండెన్సర్ కూడా మార్చి, మొదటినుంచి పూర్తి కొలత పోయాల్సిందే. నేటి కండెన్సర్లలో గొట్టాలు వెంట్రుకవాసి సందులతో ఉంటాయి, వాటిలో ఇరుక్కున్న లోహపు పొడిని కడగడం దాదాపు అసాధ్యం.

కంప్రెసర్ కాకుండా వేరే భాగం మార్చినా నూనె లెక్క ఉంటుంది. కండెన్సర్ మారిస్తే ఇంత, కూలింగ్ కాయిల్ మారిస్తే ఇంత, డ్రయర్ మారిస్తే ఇంత అని ప్రతి కారు సర్వీసు పుస్తకంలో పట్టిక ఉంటుంది. సాధారణంగా ఇవి పది నుంచి యాభై మిల్లీలీటర్ల మధ్య అంకెలు. చిన్నవే, కానీ మూడుసార్లు మరచిపోతే సగం నూనె పోయినట్లే.

వంచిన నూనె రంగు చూడటం కూడా ఒక పరీక్షే. అది స్వచ్ఛంగా, లేతగా ఉంటే కంప్రెసర్ ఆరోగ్యంగా ఉందనుకోవచ్చు. గోధుమరంగుకు తిరిగితే బాగా వేడెక్కి ఉంటుంది. నల్లగా మారి అందులో తళుకులీనే పొడి కనిపిస్తే లోపల లోహం అరుగుతోంది. పచ్చగా మెరిస్తే భయపడనక్కర్లేదు, ఎవరో లీకు వెతకడానికి రంగు కలిపి ఉంటారు. ఊడదీయకుండానే దొరికే ఆనవాలు మరొకటుంది. గొట్టాల అతుకుల దగ్గర, కంప్రెసర్ ముందుభాగంలో జిడ్డుగా, దుమ్ము మట్టిలా అంటుకుని కనిపిస్తే గ్యాస్ అక్కడి నుంచే పోతోందని అర్థం, తనతో పాటు నూనెనూ తీసుకుపోతోంది. మన రోడ్ల దుమ్ము ఈ ఒక్క విషయంలో ఉపకారమే చేస్తుంది.

ఎంత పోయాలన్నదాని కంటే ఏది పోయాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 1990ల దాకా కార్లలో ఆర్-12 అనే సీఎఫ్‌సీ గ్యాస్ వాడేవారు. దానికి మినరల్ నూనె చక్కగా సరిపోయేది. సీఎఫ్‌సీలు ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో మోలినా, రోలండ్ హెచ్చరించాక, 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం అందులో 1992లో చేరింది. ఆర్-12 స్థానంలో వచ్చిన ఆర్-134ఏ మినరల్ నూనెతో కలవదు. కలవకపోతే నూనె తిరిగి రాదు. అందుకే పాలీ ఆల్కలీన్ గ్లైకాల్ అనే కృత్రిమ నూనెను తెచ్చారు. దుకాణాల్లో దాన్ని పీఏజీ ఆయిల్ అంటారు. ఇందులోనూ చిక్కదనాన్ని బట్టి 46, 100, 150 అనే రకాలున్నాయి. ఒక కంప్రెసర్‌కు 46 చెబితే అందులో 150 పోయడం సన్నని నూనె కావాల్సిన కుట్టు మిషన్‌కు ఆముదం పోసినట్లుంటుంది.

పీఏజీకి ఒక దుర్గుణం ఉంది. గాలిలోని తేమను ఉప్పులా పీల్చేసుకుంటుంది. మూత తీసి రోజంతా బల్ల మీద ఉంచిన డబ్బాలోని నూనె, అందులోనూ విశాఖ, చెన్నై, ముంబై లాంటి తీరప్రాంత నగరాల్లో, వాడటానికి పనికిరాదు. లోపలికి చేరిన తేమ వాల్వ్ సందులో మంచుగా గడ్డకట్టి ప్రవాహాన్ని ఆపవచ్చు, లోహాన్ని తినేయవచ్చు. వాక్యూమ్ పంపు పెట్టి గొట్టాల్లోని తేమను లాగవచ్చు గానీ నూనె పట్టి ఉంచుకున్న తేమ అంత తేలిగ్గా రాదు. పెద్ద డబ్బా కొని నెలల తరబడి వాడటం కన్నా చిన్న సీసాలు కొనడం మేలు. ఈ సలహా చాలామందికి దుబారాగా అనిపించవచ్చు, కానీ సీసా ధరతో పోలిస్తే కంప్రెసర్ ధర ఎన్నో రెట్లు ఎక్కువ.

విద్యుత్ కార్లు, హైబ్రిడ్ కార్లు వచ్చాక పొరపాటుకు మూల్యం మరింత పెరిగింది. వాటిలో కంప్రెసర్‌ను తిప్పేది బెల్టు కాదు, అధిక వోల్టేజీ మోటారు. మోటారు చుట్టలు నూనెలో, గ్యాస్‌లో తడుస్తూనే ఉంటాయి. అందుకని విద్యుత్తును పారనివ్వని నూనె కావాలి. ఆ పనికి సాధారణంగా పాలీఓల్ ఎస్టర్ నూనె వాడతారు. ముందు రోజు పెట్రోలు కారుకు వాడిన గేజి గొట్టంలో మిగిలిన కాస్త పీఏజీ దీనిలో కలిసినా విద్యుత్ నిరోధం పడిపోతుంది. కారు భద్రతా వ్యవస్థ దాన్ని లోపంగా గుర్తించి ఆగిపోవచ్చు. చాలా విద్యుత్ కార్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఇదే ఏసీ గ్యాస్. అంటే నూనె తప్పయితే చెడేది చల్లగాలి ఒక్కటే కాదు. విద్యుత్ వాహనాలకు రాయితీలు ప్రకటించడంలో చూపిన ఉత్సాహం వాటి ఏసీ బాగుచేసేవారికి శిక్షణ ఇవ్వడంలో కనిపించడం లేదు.

డబ్బాలో ఉన్నది నిజంగా ఆ గ్యాసేనా అన్న అనుమానం కూడా న్యాయమైనదే. 2011లో వియత్నాం, బ్రెజిల్‌లలో ఓడల మీద వెళ్లే శీతల కంటైనర్లు కొన్ని పేలి ముగ్గురు పనివారు చనిపోయారు. ఆర్-134ఏ పేరుతో అమ్మిన నకిలీ గ్యాస్‌లో మిథైల్ క్లోరైడ్ కలిసి ఉంది. అది అల్యూమినియంతో చర్య జరిపి, గాలి తగిలితే చాలు మండిపోయే పదార్థాన్ని తయారుచేస్తుంది. కారు ఏసీ భాగాలు కూడా అల్యూమినియంవే. నమ్మకమైన చోట, సీలుతో, బిల్లుతో గ్యాస్ కొనడం వెనుక ప్రాణాల లెక్క ఉంది.

వాతావరణం లెక్క వేరే. ఆర్-134ఏ ఓజోన్‌ను ముట్టదు గానీ భూమిని వేడెక్కించే శక్తి దానికి చాలా ఎక్కువ. వందేళ్ల లెక్కన చూస్తే ఒక కిలో ఆర్-134ఏ సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఒక కారులోని అరకిలో గ్యాస్‌ను మరమ్మతు పేరుతో గాలిలోకి వదిలితే 700 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినట్లు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోలు వస్తుంది కాబట్టి ఇది 300 లీటర్ల పెట్రోలుకు సమానం. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే కారు ఆ పెట్రోలుతో హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు పదిసార్లు వెళ్లిరావచ్చు. గొట్టం విప్పి "ఫుస్సు"మనిపించడానికి పట్టేది అర నిమిషం. తక్కువ నూనెతో, తప్పుడు నూనెతో పాడైన ప్రతి కంప్రెసర్ ఈ అర నిమిషాన్ని మరోసారి తెస్తుంది. ఏసీ నూనెను పర్యావరణ విషయంగా చూడాల్సింది ఈ కారణం వల్లనే.

మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఇలాంటి హెచ్ఎఫ్‌సీ వాయువుల వాడకాన్ని 2032 నుంచి దశలవారీగా తగ్గిస్తూ 2047 నాటికి 85 శాతం కోత పెట్టాలి. యూరప్‌లో 2017 నుంచి అమ్మే కొత్త కార్లలో ఆర్-134ఏ లేదు, దాని స్థానంలో ఎక్కువగా ఆర్-1234వైఎఫ్ వచ్చింది. అది భూమిని వేడెక్కించేది నామమాత్రమే గానీ ఖరీదైనది, కొద్దిగా మండే గుణం ఉన్నది, నూనె విషయంలోనూ పట్టింపు ఎక్కువ. మన దేశానికీ ఆ మార్పు తప్పదు. అప్పుడు గేజి సూది చూసి అందాజాగా పట్టించే పద్ధతి ఖర్చుతో పాటు ప్రమాదాన్నీ పెంచుతుంది.

దీనికంతటికీ మెకానిక్‌ను దోషిగా నిలబెట్టడం సులువు, కానీ అది అన్యాయం. గ్యాస్ తీసి, నూనె వేరుచేసి, కొలిచి, తూచి తిరిగి ఎక్కించే స్వయంచాలక యంత్రం ధర లక్షల్లో ఉంటుంది. చెట్టుకింద దుకాణం నడిపేవాడు అంత పెట్టుబడి ఎక్కడ పెడతాడు? పైగా వాక్యూమ్‌కు అరగంట, లీకు పరీక్షకు మరో అరగంట అంటే పక్క దుకాణానికి వెళ్లిపోయే యజమానులే ఎక్కువ. లీకు వెతకడానికి కూలి ఇవ్వడానికి వెనకాడేవారు ఏటా గ్యాస్‌కు డబ్బు ఇస్తారు. డ్యాష్‌బోర్డు విప్పితే తప్ప కాయిల్ లీకు బాగుపడదని నిజం చెప్పిన మెకానిక్ మోసగాడిగా, గ్యాస్ కొట్టి పంపినవాడు మంచివాడిగా పేరు తెచ్చుకుంటున్నారు. లీకు మూసే మందు అని డబ్బాల్లో అమ్మే జిగురు పదార్థాలకు గిరాకీ పెరగడమూ ఇందుకే. అవి లీకుతో పాటు సన్నని వాల్వులనూ మూసేయగలవు.

అయినా యంత్రం లేనంత మాత్రాన కొలత లేకుండా పోనక్కర్లేదు. డిజిటల్ కాటా, కొలగ్లాసు, వాక్యూమ్ పంపు, ఒక నోటుపుస్తకం ఉంటే సగం తప్పులు ఆగిపోతాయి. ఆ గ్యాస్‌ను పట్టి ఉంచే యంత్రం మాత్రం ఒంటరి దుకాణానికి భారమే. ఆటోనగర్ లాంటి చోట్ల నలభై, యాభై దుకాణాలకు ఉమ్మడిగా ఒకటి పెట్టి, వాడుకున్నందుకు రుసుము తీసుకోవడం కష్టమేమీ కాదు. 2019లో కేంద్రం విడుదల చేసిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్ష మంది ఏసీ సర్వీసు సాంకేతికులకు శిక్షణ, ధ్రువీకరణ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ శిక్షణ గోడకు తగిలించే ఇంటి ఏసీలతో ఆగకూడదు. కారు ఏసీ తీరు వేరు. కదిలే ఇంజిన్‌కు బిగించిన కంప్రెసర్, రబ్బరు హోసులు, అదురు, ఎండ, దుమ్ము అన్నీ లీకులకు తలుపులే. అమెరికాలో కారు ఏసీ మరమ్మతు చేసి డబ్బు తీసుకునేవారికి ప్రత్యేక ధ్రువీకరణ తప్పనిసరి. యూరప్‌లోనూ గ్యాస్ తీసేవారికి శిక్షణ పత్రం ఉండాలి. మన దగ్గర కారు నడపడానికి లైసెన్సు కావాలి, దాని ఏసీలోని గ్యాస్‌ను గాలిలోకి వదలడానికి మాత్రం ఏ చదువూ అడగరు.

తయారీదారుల బాధ్యత ఇంకా ఎక్కువ. చాలా కార్ల బానెట్ కింద చిన్న స్టిక్కరు మీద గ్యాస్ రకం, గ్రాములు ఉంటాయి. నూనె రకం కొన్నిటిపైనే కనిపిస్తుంది. ఏ భాగం మారిస్తే ఎన్ని మిల్లీలీటర్లు పోయాలన్న పట్టిక మాత్రం సర్వీసు పుస్తకాల్లో, అది కూడా ఎక్కువగా అధీకృత కేంద్రాల కంప్యూటర్లలో ఉండిపోతోంది. మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో వేసిన కమిటీ వాహనాలనూ తన పరిధిలోకి తీసుకుంది. ఈ పట్టికను బహిరంగంగా పెట్టించడం కన్నా చౌకైన సంస్కరణ ఆ పరిధిలో దొరకడం కష్టం. వారంటీ ముగిసిన కారు ఎక్కువగా వెళ్లేది బయటి మెకానిక్ దగ్గరికే అని కంపెనీలకు తెలుసు. లెక్క చెప్పకుండా పంపి, కంప్రెసర్ పాడైతే కొత్తది అమ్ముకోవడం మంచి వ్యాపారం కావచ్చు, మంచి ఇంజనీరింగ్ మాత్రం కాదు.

కారు యజమాని చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. బిల్లు మీద "ఏసీ గ్యాస్" అని ఒక్క ముక్క కాకుండా ఎన్ని గ్రాములు తీశారు, ఎన్ని గ్రాములు ఎక్కించారు, ఏ నూనె ఎన్ని మిల్లీలీటర్లు పోశారు అని రాయించుకుంటే చాలు. వచ్చే ఏడాది అదే కాగితం లీకు ఎంత వేగంగా ఉందో చెబుతుంది. ఇంట్లో తానే కంప్రెసర్‌లో నూనె పోద్దామనుకునే ఉత్సాహవంతులు మాత్రం ఆగడం మంచిది. పీడనంలో ఉన్న ఆర్-134ఏ బయటికి చిమ్మితే మైనస్ 26 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం అది, కంటికి తగిలితే చూపు పోవచ్చు. చలికాలంలో ఏసీని పూర్తిగా మరచిపోయే ఉత్తరాది వాహనదారులు వారానికోసారి కొద్ది నిమిషాలు నడిపితే ఇరుసు సీలు ఎండిపోకుండా ఉంటుంది. తెలుగు ప్రాంతాల్లో ఈ సలహా అవసరం అంతగా రాదు, ఇక్కడ ఏసీకి సెలవు దొరికేదే తక్కువ.

ఇప్పుడీ లెక్కలోకి కొత్తగా లారీలు చేరుతున్నాయి. మధ్యతరహా, భారీ సరుకు లారీల డ్రైవర్ క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేసే నిబంధన 2025లో అమల్లోకి వచ్చింది. ఎప్పుడో రావాల్సింది. రామగుండం, రెంటచింతల ఎండల్లో ఇంజిన్ పక్కన కూర్చుని గంటల తరబడి నడిపే మనిషికి ఏసీ విలాసం కాదు, కునుకుపాటు ప్రమాదాలను తగ్గించే రక్షణ. కానీ లారీ ఏడాదికి తిరిగే దూరం కారుకన్నా ఎన్నో రెట్లు. దాని అదురు, దాని దుమ్ము వేరు. ఏసీ ఆగిపోయేది కంపెనీ సర్వీసు కేంద్రం ముందు కాదు. సూర్యాపేట దాటాకో, నాగ్‌పూర్ బైపాస్ మీదో, ఒడిశా గనుల దారిలోనో ఆగుతుంది. పక్కనే ఉన్న దాబా దగ్గరి మెకానిక్ బానెట్ ఎత్తుతాడు. ఆ బండికి ఏ నూనె, ఎన్ని మిల్లీలీటర్లు అన్న పట్టిక ఆయన గోడ మీద తెలుగులోనో, హిందీలోనో, ఒడియాలోనో అంటించి ఉండేలా చూడటం ఇవాళ్టికి ఏ శాఖ పనీ కాదు, ఏ కంపెనీ పనీ కాదు.